గుట్టు విప్పని తాళంచెవి

క్లౌడ్‌లో కొత్తగా అద్దెకు తీసుకున్న లినక్స్ సర్వరులో షాడో అని ఒక ఫైలుంటుంది. అందులో ఒక్కో ఖాతాకు ఒక్కో వరుస. ముందు పేరు, దాని పక్కన పాస్‌వర్డ్‌ను ఆనవాలు తెలియకుండా మార్చేసిన అక్షరాల వరుస, అంటే హ్యాష్. సర్వరు మీద సర్వాధికారాలున్న రూట్ ఖాతా దగ్గర మాత్రం హ్యాష్ ఉండాల్సిన చోట చాలాసార్లు ఒక నక్షత్రం గుర్తో, ఆశ్చర్యార్థకమో కనిపిస్తుంది. ఏ పాస్‌వర్డ్‌ను హ్యాష్ చేసినా ఒట్టి నక్షత్రం రాదు కనుక మనం ఏం టైప్ చేసినా అది సరిపోలదు. ఆ ఖాతాకు పాస్‌వర్డ్ పెట్టనే లేదు. అలాంటి సర్వరులో వెబ్‌మిన్ వంటి నిర్వహణ ప్యానెల్‌ను ఇన్‌స్టాల్ చేసి బ్రౌజరులో తెరిస్తే, అది మొట్టమొదట అడిగేది పాస్‌వర్డే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఈ చిక్కు మూలం 1995 నాటి ఫిన్లాండ్‌లో ఉంది. హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో టాటు యులోనెన్ పరిశోధకుడిగా ఉండేవాడు. ఆ ఏడాది అక్కడి నెట్‌వర్క్‌లో ఎవరో దొంగచాటుగా ఒక ప్రోగ్రాము పెట్టి, దారిన పోయే పాస్‌వర్డ్‌లను వేలకొద్దీ పోగేశారు. దూరాన ఉన్న యంత్రంలోకి లాగిన్ కావాలంటే అప్పట్లో టెల్‌నెట్ వాడేవారు. అందులో టైప్ చేసిన ప్రతి అక్షరమూ ఉన్నదున్నట్టు తీగల వెంట వెళ్లేది కాబట్టి, కాపు కాసినవాడికి కష్టమే లేదు. యులోనెన్ కొద్ది నెలల్లోనే సెక్యూర్ షెల్, అంటే ఎస్‌ఎస్‌హెచ్, రాసి జులైలో ఉచితంగా విడుదల చేశాడు. సర్వరులో ఒక్కో సేవకు ఒక్కో పోర్టు, అంటే నంబరున్న ద్వారం, ఉంటుంది. ఫైళ్లు పంపుకునే ఎఫ్‌టీపీది 21వ పోర్టు, టెల్‌నెట్‌ది 23. మధ్యలో 22 ఖాళీగా ఉండటం చూసి, అది తనకు కేటాయించమని పోర్టు నంబర్లు చూసేవాళ్లకు ఈమెయిల్ రాస్తే ఇచ్చేశారు. ఆ ఏడాది ముగిసేసరికి 50 దేశాల్లో 20,000 మంది దాన్ని వాడుతున్నారు. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం తెచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఇవాళ దాదాపు ప్రతి లినక్స్ సర్వరులోనూ ఉంది.

పాస్‌వర్డ్‌ను ఇతరులు చదవలేని రూపంలో పంపడం ఎస్‌ఎస్‌హెచ్ చేసిన మొదటి మేలు. అసలు పంపాల్సిన అవసరమే లేకుండా చేయడం అంతకన్నా పెద్ద మేలు. విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ 1976లో లోకానికి చాటిన పబ్లిక్ కీ ఆలోచనే దీనికి పునాది. ఇందులో కీలు జతగా పుడతాయి. పబ్లిక్ కీ తాళం కప్ప వంటిది, ఎన్ని గుమ్మాలకైనా బిగించుకోవచ్చు. ప్రైవేట్ కీ మన లాప్‌టాప్ గడప దాటదు. లాగిన్ అయ్యేటప్పుడు ఆ ఒక్క సెషన్‌కే చెందిన గుర్తింపు సంఖ్య మీద మన కంప్యూటర్ ప్రైవేట్ కీతో సంతకం చేసి పంపుతుంది. సర్వరు తన దగ్గరున్న పబ్లిక్ కీతో సంతకాన్ని సరిచూసుకుంటుంది. దారిలో ఎవరైనా దాన్ని పట్టుకున్నా మరో సెషన్‌కు పనికిరాదు. ఇప్పుడు విరివిగా వాడే ఈడీ25519 రకంలో ప్రైవేట్ కీ అంతా కలిపి 32 బైట్లే. పాస్‌వర్డ్‌తో పని జరగాలంటే దాన్ని అవతలివాళ్లకు చెప్పక తప్పదు. కీ గుట్టు మాత్రం ఎవరికీ చెప్పనక్కరలేదు. ఈ ఆవిష్కరణలో నన్ను కట్టిపడేసేది అదే.

22వ పోర్టు తెరిచి ఉన్న ఏ సర్వరునైనా ఊహించిన పాస్‌వర్డ్‌లతో రాత్రింబవళ్లు తట్టే ప్రోగ్రాములు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. అందుకే నిర్వాహకులు ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల్లో ఒక్క వరుస మార్చి, పాస్‌వర్డ్ లాగిన్‌ను పూర్తిగా ఆపేస్తారు. మంచి పనే. అయితే 1997లో జేమీ కామెరూన్ పెర్ల్ భాషలో మొదలుపెట్టిన వెబ్‌మిన్ బ్రౌజరులో, 10000 పోర్టు మీద నడిచే ప్యానెల్. దాని లాగిన్ పేజీలో ఎస్‌ఎస్‌హెచ్ కీ చూపించే వీలు లేదు. దానికి సొంతంగా ఒక వాడుకరుల ఫైలుంది. అందులో రూట్ పేరు పక్కన ఎక్స్ అనే అక్షరం ఉంటుంది. సిస్టమ్‌నే అడుగు అని దానర్థం. సిస్టమ్‌ను అడిగితే షాడో ఫైలులో ఉన్నది నక్షత్రం.

ఇలా ఇరుక్కున్నవాళ్లు రూట్‌కు ఏదో పాస్‌వర్డ్ పెట్టి, ఎస్‌ఎస్‌హెచ్‌లోనూ పాస్‌వర్డ్ లాగిన్‌ను మళ్లీ తెరిచేస్తుంటారు. అంత అవసరం లేదు. వెబ్‌మిన్‌తోపాటే చేంజ్‌పాస్ అనే చిన్న స్క్రిప్టు వస్తుంది. కీతో ఎస్‌ఎస్‌హెచ్‌లోకి వెళ్లి, రూట్ అధికారమిచ్చే సుడోతో దాన్ని నడిపితే వెబ్‌మిన్ సొంత ఫైలులో ఎక్స్ స్థానంలో కొత్త హ్యాష్ చేరుతుంది. షాడో ఫైలు చెక్కుచెదరదు, ఎస్‌ఎస్‌హెచ్ కీలనే అడుగుతుంది. కమాండుతో కలిపి టైప్ చేసిన పాస్‌వర్డ్ షెల్ హిస్టరీలో ఉండిపోతుంది గనుక, ప్యానెల్‌లోకి వెళ్లగానే ఇంకోసారి మార్చుకోవడం మేలు.

ఆ తర్వాత ఫైర్‌వాల్‌లో 10000 పోర్టును బయటివాళ్లకు మూసేసి, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ వాడాలి. మన లాప్‌టాప్‌లోని 10000 పోర్టుకు వచ్చినదాన్ని కీతో తెరిచిన దారి గుండా సర్వరులోని 10000 పోర్టుకు చేర్చమని ఒక్క కమాండుతో చెప్పవచ్చు. బ్రౌజరులో లోకల్‌హోస్ట్ అని, దాని పక్కన 10000 పోర్టు సంఖ్య కొడితే చాలు, సర్వరు హైదరాబాదులో ఉన్నా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నా ప్యానెల్ తెరుచుకుంటుంది. పేజీ పాస్‌వర్డ్ అడుగుతుంది, నిజమే. కాని కీ లేనివాళ్లకు ఆ పేజీయే కనబడదు.

ఇది అతిజాగ్రత్త అనుకునేవాళ్లకు వెబ్‌మిన్ చరిత్రలోనే జవాబుంది. 2018 ఏప్రిల్‌లో ఎవరో ఆ ప్రాజెక్టు బిల్డ్ సర్వరులోకి చొరబడి, పాస్‌వర్డ్ మార్చుకునే పేజీ కోడులోనే దొంగదారి పెట్టారు. ఫైలు తేదీని వెనక్కి జరపడంతో మార్పు ఎవరి కంటా పడలేదు. దాంతో 1.890 వెర్షన్ నడుస్తున్న సర్వర్లలో, పాస్‌వర్డ్ తెలియకపోయినా వెబ్ ద్వారా ఒక్క అభ్యర్థన పంపి రూట్ అధికారంతో కమాండ్లు నడిపించే వీలు చిక్కింది. సంగతి 2019 ఆగస్టులో బయటపడింది, 1.930 వెర్షన్‌తో దొంగదారి మూతపడింది. ఆ ఏడాదికి పైగా కాలంలో, ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టుకున్నా 10000 పోర్టును లోకానికి తెరిచి ఉంచిన 1.890 సర్వర్లకు రక్షణ లేదు. పోర్టు మూసి టన్నెల్‌లోంచి మాత్రమే వెళ్లే సర్వర్లలోనూ అదే లోపం ఉంది, కాని బయటి నుంచి ఆ అభ్యర్థన వాటిని చేరే దారి లేదు.