బొమ్మ హంస మింగిన హారం

పావగడ తాలూకా ఉన్నది కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో. బడిలో కన్నడం, ఇంటికొస్తే తెలుగు. పట్టణంలోని శనిమహాత్మ గుడికి శనివారం వస్తే జనం విరగబడతారు. ఏలినాటి శని పట్టిందని భయపడ్డవాళ్లు గుడికి వచ్చిపోవడంతో ఊరుకోరు, ఇంట్లో దీపం పెట్టి శనిమహాత్మ కథ కూడా చదివించుకుంటారు. ఒకరు పద్యం చదివితే పక్కనున్నవారు అర్థం చెబుతారు. ఉత్కంఠ అంటే ఏమిటో నాకు మొదట తెలిసింది అలాంటి ఒక రాత్రి, చాప మీద కూర్చున్నప్పుడే.

శనిని చులకన చేసి నవ్విన విక్రమార్కుడు రాజ్యానికి దూరమై, ఊరుగాని ఊళ్లో ఒక వర్తకుడి ఇంట దిగుతాడు. ఆ గదిలో చిలకకొయ్యకు హారం వేలాడుతోంది. గోడ మీద రంగులతో వేసిన హంస ఉంది. రాజు చూస్తుండగానే ఆ బొమ్మ హంస హారాన్ని మింగేస్తుంది. సరిగ్గా అక్కడ అర్థం చెప్పేవారు ఆగి, దీపం వత్తి ఎగదోసి, చెంబెత్తి నీళ్లు తాగారు. ముందు వరసలో ఉన్న ముసలమ్మ ఉండబట్టలేక, "ఈయప్ప తీయలేదప్పా, ఆ హంసే మింగింది!" అని గట్టిగా అనేసింది.

ఆమెకు తెలుసు. మాకందరికీ తెలుసు. తెలియనిది వర్తకుడికే. తెల్లారితే నింద ఎవరి మీద పడుతుందో, బొమ్మ మింగిందంటే ఎవరు నమ్ముతారో అన్నదే మా గుబులు. సినిమా దర్శకుడు హిచ్‌కాక్ ఇదే కిటుకును బాంబు ఉదాహరణతో చెప్పేవాడు. బల్ల కింద బాంబు ఉన్నట్టుండి పేలితే ప్రేక్షకుడికి దక్కేది పదిహేను సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉందని ముందే చూపిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ.

మిస్టరీ దీనికి ఎదురుదారిలో నడుస్తుంది. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' చూడండి. గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరితే భార్య కమలిని కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. కమలిని మంచం కిందే ఉందన్న సంగతిని కథకుడు ఆఖరుదాకా మన దగ్గరా దాచాడు. అయితే ఊరికే దాచలేదు, ఉత్తరం చేతికిచ్చి మరీ దాచాడు. అసలేమీ తెలియని విషయం మీద మనిషికి కుతూహలం పుట్టదని, కొంత తెలిసి మధ్యలో ఖాళీ కనబడినప్పుడే మనసు లాగుతుందని పరిశోధకుడు జార్జ్ లోవెన్‌స్టీన్ 1994లో వివరించాడు. ఆ ఉత్తరం చేసిన పని అదే.

ఉత్కంఠలో ఉన్న మెదడులో ఏం జరుగుతుంది? అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 2015లో ప్రచురించిన ప్రయోగంలో, ఉత్కంఠ నిండిన సినిమా ఘట్టాలు చూపిస్తూ తెర అంచుల్లో గళ్ల బొమ్మను మిణుకుమనిపించారు. ఉత్కంఠ పెరిగినకొద్దీ, ఆ అంచులను చూసే మెదడు భాగంలో చురుకు తగ్గింది. అంటే చూపు కథ చుట్టూ ముడుచుకుపోయింది. ఆ రాత్రి దోమలు కుట్టిన సంగతి మాకు తెల్లారాక గాని తెలియలేదు.

ఇంతకీ ముసలమ్మ ఆ కథ వినడం అదెన్నోసారో. ముగింపు తెలిశాక గుబులెందుకు? 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చెహోవ్, అగాథా క్రిస్టీ, రొవాల్డ్ డాల్ వంటివారి 12 కథలు చదివించి చూశారు. ముగింపు ముందే తెలిసినవాళ్లకు కథలు ఇంకా ఎక్కువ నచ్చాయి. తర్వాతి పరిశోధనల్లో కొన్ని దీన్ని ఒప్పుకోలేదు. కథలో మునిగినప్పుడు మనసు ఆ క్షణానికే కట్టుబడి, తెలిసిన ముగింపును పక్కన పెడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ గెరిగ్ అంటాడు. చాప మీద చూసినదాన్నిబట్టి నాకు ఈ మాటే సరైనదనిపిస్తుంది.

దొంగ అన్న నింద పడి విక్రమార్కుడు కాళ్లూ చేతులూ పోగొట్టుకుంటాడు. ఏడున్నరేళ్లు నిండాక, మింగిన హారాన్ని ఆ హంసే కక్కుతుంది. ఈ కథ చదివే ఇంటికి మీకెప్పుడైనా పిలుపొస్తే వెళ్లండి. అర్థం చెప్పేవారు నీళ్లచెంబు ఎక్కడ ఎత్తుతారో గమనించండి.