లెక్కల చదువు – తెర, కాగితము

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబుల పంపిణీ ప్రారంభమైనది. అర్థము కాని లెక్కను మరల మరల చూచుటకు ఇది మంచి సాధనమే. కాని పొరుగువాడు దున్నుట చూచినంత మాత్రమున మన చేను పండదు. తెరపై జవాబు చూచిన పిల్లవాడు లెక్క తనకు వచ్చినదనుకొనును. పరీక్షలో కలము కదలదు.

ఇంటిలోని ఫోను సంగతి మరియొకటి. మిరపకోతల కాలమున తల్లిదండ్రులు తెల్లవారగనే చేలకు పోవుదురు. అదుపు చేయువారు లేక, పాఠము కొరకు తెరచిన ఫోను ఆటలకు మరలును. 2024 అసర్ సర్వే ప్రకారము, స్మార్ట్‌ఫోను వాడుట తెలిసిన 14–16 ఏండ్ల గ్రామీణ బాలబాలికలలో నూటికి 57 మంది అంతకుముందు వారమున దానిని చదువుకు వాడగా, సామాజిక మాధ్యమములకు వాడినవారు 76 మంది.

కావున పంచాయతీ సభ్యులు ఉపాధ్యాయులతో ఆలోచించి, సాయంకాలము ఒక గంట పాఠశాలలోనో పంచాయతీ భవనములోనో లెక్కల అభ్యాసమునకు ఏర్పాటు చేయవలెను. మొదట కాగితముపై చేయుట, పిమ్మట తెరపై సరిచూచుకొనుట – ఇదియే తగిన క్రమము.