రోటరీ ఇంజను: శక్తికీ శుద్ధికీ నడుమ

వాహనానికి మరింత శక్తి కావాలని కోరని యంత్రశిల్పి లేడు. ఆ శక్తితోపాటు వెలువడే పొగను పీల్చడానికి సమ్మతించే పౌరుడూ లేడు. ఈ రెండు కోరికలకు గల వైరుధ్యం రోటరీ ఇంజను చరిత్రలో మిక్కిలి స్పష్టంగా కనిపిస్తుంది. కనుక ఆ ఇంజను నిర్మాణాన్ని, దాని శక్తిని పెంచే మార్గాలను, ఆ మార్గాలకు పొగ పరీక్షలు విధించిన హద్దులను సంగ్రహంగా వివరింపదలచాము.

జర్మనీ దేశస్థుడైన ఫెలిక్స్ వాంకెల్ (1902-1988) భావనకు రూపమైన తొలి ఇంజను 1957లో ఎన్.ఎస్.యు. సంస్థలో నడిచింది. సాధారణ ఇంజనులో పిస్టన్ పైకి క్రిందికి కదులుతుంది. ఆ కదలికను క్రాంకు షాఫ్టు భ్రమణంగా మారుస్తుంది. రోటరీ ఇంజనులో అటువంటి పిస్టనే లేదు. నడుము కొంచెం నొక్కుకుపోయిన అండాకారపు గదిలో, ప్రక్కలు ఉబ్బిన త్రిభుజం వంటి రోటర్ తిరుగుతుంది. దాని మూడు ముఖాలకూ గది గోడకూ మధ్య మూడు అరలు ఏర్పడతాయి. ఇంధన మిశ్రమాన్ని పీల్చడం, నొక్కడం, మండించడం, వెలువరించడం అనే నాలుగు పనులూ ఒక్కొక్క అరలో వరుసగా జరుగుతాయి. రోటర్ ఒకసారి తిరిగేలోగా షాఫ్టు మూడుసార్లు తిరుగుతుంది. అనగా షాఫ్టు ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్క రోటర్ ఒక దహనాన్ని అందిస్తుంది. కవాటాలు లేవు. గోడలలోని ద్వారాలను రోటరే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. అందుచేతనే ఈ ఇంజను చిన్నది, తేలికైనది, అధిక వేగానికి అనువైనది.

ఈ గుణాలకు మూలమైన ఆకారమే దోషానికీ మూలమయింది. మంట పుట్టే అర పొడవుగా, పలుచగా ఉంటుంది. చల్లని గోడల వద్ద, ఇరుకు మూలలలో మంట ఆరిపోయి కొంత ఇంధనం మండకుండా మిగిలిపోతుంది. రోటర్ కొనలలో అమర్చిన సీళ్ళ ప్రక్కనుంచి కొంత జారిపోతుంది. ఆ సీళ్ళు అరగకుండా అందించే నూనె కూడా మంటలో కలుస్తుంది. అందువల్ల పొగలో హైడ్రోకార్బన్లు హెచ్చు. దహనపు వేడి తక్కువ కావడంచేత నైట్రోజన్ ఆక్సైడులు మాత్రం తక్కువ.

1970లో అమెరికా స్వచ్ఛ వాయు చట్టాన్ని కఠినతరం చేసింది. 1967 నుండి రోటరీ కారును అమ్ముతున్న హిరోషిమాలోని మాజ్డా సంస్థ, ఇంజను ప్రక్కనే ఒక ఉష్ణపాత్రను అమర్చి, అందులోకి గాలిని పంపి, మిగిలిన ఇంధనాన్ని అక్కడే మండించింది. ఆ మంట ఆరకుండా ఉండాలంటే ఇంధనం పాలు ఎక్కువగా ఉండాలి. 1973 చమురు సంక్షోభంలో ఆ అదనపు ఖర్చు బరువయింది. తరువాత ఉత్ప్రేరకం గల కాటలిటిక్ కన్వర్టర్ రావడంతో ఇంధనాన్ని కొంత పొదుపు చేయగలిగారు.

ఇక శక్తిని పెంచే మార్గాలు. వీటిలో ముఖ్యమైనది ద్వారాలను పెద్దవి చేయడం. ప్రక్కగోడలోని ప్రవేశ ద్వారాన్ని కొంత వెడల్పు చేసి, అది ఆలస్యంగా మూసుకొనేట్లు చేయడం మొదటి పద్ధతి. ఆ ద్వారం చెంత సన్నని వంతెన వంటి భాగాన్ని విడిచి మరొక చీలికను తొలచడం రెండవది. చుట్టుగోడలోనే ప్రవేశ ద్వారాన్ని ఏర్పరచడం మూడవది. చివరి రెండింటిలో ప్రవేశ, నిష్క్రమణ ద్వారాలు రెండూ ఎక్కువసేపు ఏకకాలంలో తెరిచి ఉంటాయి. అధిక వేగంలో ఇది మేలు చేస్తుంది. నిదాన వేగంలో మాత్రం కాలిన వాయువు తాజా మిశ్రమంలో కలిసి, నిప్పు సరిగా అంటుకోక, ఇంజను కంపిస్తూ పచ్చి ఇంధనాన్ని వెలుపలికి నెడుతుంది. పరీక్షాయంత్రం పట్టుకొనేది సరిగ్గా దీనినే. 1991లో లెమాన్ పందెం గెలిచిన మాజ్డా 787బి కారులోని నాలుగు రోటర్ల ఇంజను మూడవ పద్ధతిదే. దాని శక్తి సుమారు 700 అశ్వశక్తులు. కాని పందెపు బాటలో పొగ పరీక్ష లేదు!

రహదారిపై తిరిగే వాహనానికి మొదటి పద్ధతే శరణ్యం. అదీ ద్వారం తెరుచుకొనే అంచును కదల్చకుండా. దానికి తోడు టర్బోఛార్జర్, ఖచ్చితమైన ఇంధన సరఫరా, బలమైన స్పార్కు, చెక్కుచెదరని కన్వర్టర్ ఉండాలి. ఇక్కడా కత్తిమీద సామే. టర్బో పీడనంలో ఇంధనం తగ్గితే అదుపు తప్పిన దహనం సీళ్ళను విరుస్తుంది; హెచ్చితే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది, కన్వర్టర్ చెడుతుంది.

2003లో వచ్చిన ఆర్‌ఎక్స్-8 కారులో మాజ్డా నిష్క్రమణ ద్వారాలను కూడా ప్రక్కగోడకు మార్చింది. రెండు ద్వారాలు కలిసి తెరిచి ఉండే వ్యవధి తొలగిపోయింది. టర్బో లేకుండానే శక్తి పెరిగింది, హైడ్రోకార్బన్లు తగ్గాయి. అయినప్పటికీ అమెరికాలో మొదట ప్రకటించిన 247 అశ్వశక్తులను ఉద్గార నియమాల నిమిత్తం 238కి దించవలసి వచ్చింది. నిర్మాతకే తప్పని ఈ త్యాగం ఔత్సాహికునికి ఎట్లా తప్పుతుంది?

1984 నుండి కాలిఫోర్నియాలో అమలులో ఉన్న పొగ పరీక్ష వాయువులను కొలవడంతో సరిపెట్టదు. పరికరాలు యథాస్థానంలో ఉన్నాయా అనీ చూస్తుంది. ఉద్గారాలను ప్రభావితం చేసే అదనపు భాగాలకు అక్కడి వాయు వనరుల మండలి మినహాయింపు సంఖ్య ఉండాలి. మన దేశంలోనూ 1988 మోటారు వాహనాల చట్టం 52వ విభాగం వాహనంలో ఇష్టానుసారం మార్పులను అనుమతించదు. పరీక్షనాడు కన్వర్టర్‌ను బిగించి మరునాడు విప్పివేసే నేర్పు విద్య అనిపించుకోదు. పరీక్ష ఒక్కనాటిది, గాలి నిత్యమూ అందరిదీ.

యూరపులో కఠినతరమైన నియమాల కారణంగా ఆర్‌ఎక్స్-8 విక్రయం 2010లో ఆగింది. 2012లో దాని ఉత్పత్తే ముగిసింది. అయినా ఆ ఇంజను అంతరించలేదు. 2023లో మాజ్డా 830 ఘన సెంటీమీటర్ల ఒంటి రోటర్ ఇంజనును ఒక విద్యుత్ వాహనంలో జనరేటరుగా నిలిపింది. చక్రాలను నేరుగా త్రిప్పే భారం లేనందున దానిని అనుకూలమైన వేగాలలోనే నడిపించవచ్చు. హద్దును దొంగచాటుగా దాటేవానికన్నా, హద్దును గౌరవించి క్రొత్త దారిని వెదికేవాడే నిజమైన యంత్రశిల్పి అని మా విశ్వాసం. సైన్సు విద్యార్థులు ఈ చరిత్రలోని వివేకాన్ని గ్రహింతురుగాక!