దీపము వెలుగును, వార్త కదలదు

జనన ధ్రువపత్రమునకై ఉదయముననే పంచాయతీ కార్యాలయమునకు వచ్చిన తల్లి, "నెట్టు లేదమ్మా, రేపు రండి" అను మాట విని తిరిగిపోవుట మనమెరిగినదే. ఆమెకు అది ఒక దినపు కూలి నష్టము. కార్యదర్శి చూచును: కంప్యూటరు వెనుక తీగ చేరినచోట పచ్చదీపము వెలుగుచునే యున్నది, అయినను ఒక్క పుటయు తెరచుకొనదు. నెట్‌వర్కు కార్డు చెడినదని తలచి, క్రొత్తదానికి తీర్మానము వ్రాయుదురు. ఆ తీర్మానమునకు ముందు పావుగంట పరీక్ష చేయింపుడని సభ్యులకు మా మనవి.

ఆ దీపము చెప్పునది స్వల్పము. కార్డునకును, గోడనున్న రౌటరునకును నడుమ సంకేతము అందుచున్నదని మాత్రమే. ఊరికి బాట పడినంత మాత్రమున ఉత్తరము చేరదు గదా! ఇంటికి నంబరుండవలెను. కంప్యూటరునకు గల నంబరును ఐ.పి. చిరునామా యందురు. సాధారణముగా దానిని రౌటరే ఇచ్చును.

కనుక మొదట చూడదగినది ఆ చిరునామా. విండోసు యంత్రములో కమాండ్ ప్రాంప్టు తెరచి "ఐపీకాన్ఫిగ్" అని టైపు చేసిన అది కనబడును. 169.254తో మొదలైనచో, రౌటరునుండి జవాబు రాక, యంత్రము తనంతట తానే ఒక నంబరు పెట్టుకొన్నదని అర్థము. దానితో ఊరు దాటుట కల్ల. రౌటరును ఆపి మరల నడిపింపవలెను. తీగను మార్చి చూడవలెను. దీపము వెలిగినది గనుక తీగ మంచిదేయని నమ్మరాదు. దానిలో ఎనిమిది పోగులు కలవు. సెకనుకు 100 మెగాబిట్ల వేగమునకు నాలుగే చాలును; 1000 మెగాబిట్లకు ఎనిమిదియు కావలెను. ఎలుక కొరికిన తీగయు, కొన సరిగా బిగింపని తీగయు దీపమును వెలిగించుచునే వార్తలను జారవిడువగలవు. ఎలుకలు లేని కార్యాలయమును మేమింకను చూడలేదు.

చిరునామా సరిగానున్నచో, దాని క్రిందనే "డిఫాల్టు గేట్‌వే" అని కనబడు నంబరు రౌటరుది. "పింగ్" అని వ్రాసి, ప్రక్కన ఆ నంబరును టైపు చేయవలెను. జవాబు వచ్చినచో కార్డును తీగయు పనిచేయుచున్నట్లే. పిమ్మట 8.8.8.8 అను బయటి నంబరునకు అట్లే చేయవలెను. రాకున్నచో దోషము చాలవరకు రౌటరు వద్దనో, దాని ఆవలనో యుండును. ఫైబరు పెట్టెపై "లాస్" అను ఎఱ్ఱదీపము వెలిగినచో వెలుతురు తీగయే తెగియుండవచ్చును. అపుడు ఫిర్యాదు పోవలసినది సేవాసంస్థకు గాని కంప్యూటరు దుకాణమునకు గాదు. నంబరునకు జవాబు వచ్చి పేరునకు రానిచో, పేర్లను నంబర్లుగా మార్చు డి.ఎన్.ఎస్. అమరికను సరిచేసిన చాలును.

ఒక్కొక్కప్పుడు ఎవరో చేతితో పెట్టిన నంబరే రెండు యంత్రములకు ఉండి, రెండును తడబడును. నంబరును రౌటరే ఇచ్చునట్లు అమర్చిన ఆ చిక్కు తీరును.

ఇవేవియు ఫలింపనిచో, అదే తీగను మరియొక ల్యాప్‌టాపునకు తగిలింపవలెను. అందులో నెట్టు నడచినచో, పాత యంత్రమున కార్డును నడిపించు డ్రైవరును తీసివేసి మరల ఎక్కింపవలెను. అప్పటికిని కదలకున్ననే క్రొత్త కార్డు మాట. ప్రతి పరీక్షకు వచ్చిన జవాబును తేదీతో వ్రాసి ఫిర్యాదునకు జతపరచిన, వచ్చిన మెకానిక్కు మొదటినుండి వెదుకనక్కరలేదు.