వేగమొక్కటియే చాలునా?

స్పోర్ట్సు కారు కొనగోరు యువకుడు మొట్టమొదట "ఇది గంటకెన్ని కిలోమీటర్లు పోవును?" అని యడుగును. ఈ ప్రశ్న యొక్కటియే చాలునా యని విచారింతము.

పందెములో వేగమే ప్రధానము. అయినను 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్‌సాగరు చెంత జరిగిన విద్యుత్కార్ల పందెములో జీన్ ఎరిక్ వెర్న్ గెలుచుటకు వేగముతోపాటు, విద్యుచ్ఛక్తిని పొదుపుగా వాడిన నేర్పును కారణమయ్యెను.

ఇక సామాన్యమైన బాటల మాట. 1989లో వెలువడిన మాజ్దా ఎం.ఎక్స్.-5 యను జపాను కారు గంటకు 200 కిలోమీటర్లైనను అందుకొనలేదు. కాని దాని బరువు వేయి కిలోలకు లోపే. కావున మలుపులలో తేలికగా తిరిగి, తోలువాని చేతికి లోబడును. 2016 నాటికి ఆ పేరిట పది లక్షల కార్లు తయారైనవి.

మన జమ్మలమడుగునుండి గండికోటకు పోవు దారిలో మేకలమంద యడ్డము వచ్చినదనుకొందము. వేగము రెండింతలైనచో, బ్రేకు వేసిన పిమ్మట కారు నిలుచుటకు పట్టు దూరము నాలుగింతలగును. ఆ క్షణమున మంద ప్రాణములను, మన ప్రాణములను కాపాడునవి మంచి బ్రేకులు, చక్రముల పట్టు, తోలువాని నిదానము.

కావున విద్యార్థులారా, "ఎంత వేగముగా పోవును?" అని తప్పక యడుగుడు, కాని యంతకు ముందు "ఎంత చక్కగా మలుపు తిరుగును? ఎంత త్వరగా నిలుచును?" అని యడుగుడు.