ఆరోగ్య విధానమును చదువుట ఎట్లు?

ఒక ఉపాధ్యాయుడో, బ్యాంకు గుమాస్తాయో పని ముగించుకొని ఇల్లు చేరి, "జాతీయ ఆరోగ్య విధానము" అను పత్రమును విప్పెననుకొందము. రెండు పుటలు చదువుసరికే కునుకు వచ్చును. ఇది వైద్యులకును అధికారులకును సంబంధించినదని మూసివేయును. కాని ఇంటిలో ఒకరికి పెద్ద జబ్బు చేసినచో, ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము నెలరోజులలో కరగిపోవచ్చును. అట్లు జరుగకుండ చూచుట ఎవరి బాధ్యత? మూడు సంగతులు తెలిసినచో సమాధానము దొరకును.

మొదటిది అధికారము. మన రాజ్యాంగములో ప్రజారోగ్యము, ఆస్పత్రులు రాష్ట్రముల జాబితాలో నున్నవి. కేంద్రము దారి చూపును, కొంత ధనము నిచ్చును. ఆస్పత్రులను నడుపుట ముఖ్యముగా రాష్ట్రముల పని. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరోగ్యశ్రీ పథకమును స్వయముగా ఆరంభించుట ఇందుకు నిదర్శనము. కేంద్రపు ఆయుష్మాన్ భారత్ 2018లో వచ్చినది.

రెండవది నిర్మాణము. 1943లో నియమింపబడిన భోర్ సంఘము 1946లో తన నివేదిక నిచ్చినది. జబ్బును నయము చేయుట, జబ్బు రాకుండ కాపాడుట విడివిడిగా కాక కలిసి సాగవలెనని అది సూచించెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఆ ఆలోచన ఫలమే. మైదాన ప్రాంతములలో 5,000 మందికి ఒక ఉపకేంద్రము, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రము ఉండవలెను. కొండ, గిరిజన ప్రాంతములలో ఈ సంఖ్యలు వరుసగా 3,000, 20,000, 80,000. క్రింది మెట్టు బలహీనమైనచో రోగులు పై మెట్టుకు పరుగెత్తుదురు. అప్పుడు జ్వరమునకు కూడ పెద్దాస్పత్రిలో వరుస కట్టవలసి వచ్చును.

మూడవది ధనము. 1983, 2002, 2017 సంవత్సరములలో మూడు జాతీయ విధానములు వెలువడినవి. ఆరోగ్యముపై ప్రభుత్వ వ్యయము 2025 నాటికి దేశపు స్థూలోత్పత్తిలో 2.5 శాతమునకు చేరవలెనని చివరిది లక్ష్యముగా పెట్టినది. అందు మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండ ప్రాథమిక ఆరోగ్య సేవలకు పోవలెను. కేంద్ర, రాష్ట్ర వ్యయములను కలిపి ఈ కొలబద్దతో కొలువవచ్చును.

ఇక్కడ ఒక మెలిక కలదు. విధానము చట్టము కాదు. అత్యవసర స్థితిలో ప్రభుత్వాస్పత్రి చికిత్స నిరాకరించుట జీవించు హక్కునకు భంగమని సుప్రీం కోర్టు 1996లో తీర్పు చెప్పినది. కాని 2.5 శాతము వ్యయము చేయలేదని విధానమును మాత్రమే చూపి దావా గెలుచుట సాధ్యము కాదు. విధానము మాట యిచ్చుట వంటిది. ఆ మాటను గుర్తు చేయువారున్నప్పుడే దానికి బలము.

కావున పాఠమును మీ ఊరి నుండియే ఆరంభింపుడు. మీ మండల జనాభా 60,000 అయినచో మైదానములో రెండు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, పండ్రెండు ఉపకేంద్రములు ఉండవలెను. ఎన్ని యున్నవి? వానిలో వైద్యుడు, నర్సు, మందులు ఉన్నవా? ఒక ఆదివారము ఈ లెక్క వేసి చూచినవానికి ఆ పత్రము మరల నిద్ర తెప్పించదు.