సంఘపు చందా: ఎవరు చెల్లింపవలెను?

చెరువు క్రింద సాగుచేయు రైతులు ఏటేట పూడిక తీయుటకును, గట్టు పోయుటకును తమ వంతు పనిచేయుట మన పల్లెలలో పూర్వము నుండియు వచ్చిన ఆచారము. దానికి కుడిమరామత్తు అని పేరు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో 1858వ సంవత్సరమున ఇట్టి పనిని నిర్బంధము చేయుచు ఒక చట్టమునే తెచ్చిరి. పనికి రాక నీరు మాత్రము పారించుకొను రైతును ఊరు మెచ్చదు. కర్మాగారములలో కార్మిక సంఘములకును ఇట్టి చిక్కే కలదు.

సంఘము యాజమాన్యముతో మాటలాడి జీతములు పెంచినచో, ఆ పెంపు సభ్యులకే గాక తక్కినవారికిని అందును. చందా కట్టినవాడును, కట్టనివాడును సమానముగా ఫలము ననుభవింతురు. కావున పనివారందరును సభ్యులు కావలెనని సంఘములు కోరును. అయినచో, ఇష్టము లేని సంఘములో చేరినగాని ఉద్యోగము నిలువదనుట న్యాయమా? ఈ రెండు వాదములలోను సత్యము కలదు.

కెనడా దేశమున దీనికొక పరిష్కారము కనుగొనబడినది. 1945 సెప్టెంబరు 12వ తేదీన విండ్సరు పట్టణమునందలి ఫోర్డు మోటారు కర్మాగార కార్మికులు సమ్మె కట్టిరి. తమ సంఘము నిలుచుటకు తగిన భద్రత కావలెననునది వారి ముఖ్యమైన కోరిక. నవంబరులో కర్మాగారము చుట్టునుగల వీథులను మోటారు బండ్లతో నింపి, దారి బంధించిరి. సమ్మె 99 దినములు నడచినది. తుదకు తగవు తీర్చు భారము సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఐవన్ రాండ్ గారిపై పడినది. 1946 జనవరి 29వ తేదీన వారు తీర్పు చెప్పిరి.

రాండ్ గారు సభ్యత్వమును, చందాను వేరుచేసి చూచిరి. సంఘములో చేరుమని ఎవరిని గాని నిర్బంధింపరాదు. కాని ఒప్పందము వలన లాభము పొందు ప్రతి కార్మికుని జీతమునుండియు చందా మినహాయించి, యాజమాన్యము సంఘమునకు చెల్లింపవలెను. ఇందుకు ప్రతిగా సంఘమునకును కట్టుబాట్లు విధించిరి. సమ్మెకు ముందు రహస్యముగా ఓట్లు తీయవలెను. సభ్యులు కానివారికిని ఆ ఓటు కలదు. అనుమతి లేని సమ్మెకు దండన కలదు. రాండ్ సూత్రమను పేర ఈ పద్ధతి కెనడాలో స్థిరపడినది. అచ్చటి సుప్రీంకోర్టు 1991లో నిర్బంధ చందాను సమర్థించినది.

పొరుగుననున్న అమెరికాలో కథ వేరుగా నడచినది. సంఘ సభ్యులకు మాత్రమే ఉద్యోగమిచ్చు పద్ధతిని 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టము నిషేధించినది. నిర్బంధ చందాను కూడ నిషేధించు అధికారమును రాష్ట్రములకు విడిచినది. 20కి పైగా రాష్ట్రములు అట్లే చేసినవి. సభ్యులు కాని ప్రభుత్వోద్యోగులనుండి బేరసారముల ఖర్చు రాబట్టవచ్చునని, రాజకీయ ప్రచారపు ఖర్చు రాబట్టరాదని 1977లో అచ్చటి సుప్రీంకోర్టు గీత గీచినది. 2018లో జానస్ అను వ్యాజ్యమున ఆ గీతనే చెరిపివేసినది. ప్రభుత్వముతో చేయు బేరమే ఒక రాజకీయ భావప్రకటన యనియు, సమ్మతి లేనివానినుండి దానికై సొమ్ము తీయరాదనియు తీర్పు చెప్పినది.

చెరువునకును, సంఘమునకును గల భేదము ఇచ్చటనే తెలియుచున్నది. చెరువునకు అభిప్రాయములుండవు, సంఘమునకుండును.

మన దేశమున సంఘముగా కూడు హక్కును రాజ్యాంగము 19వ అధికరణములో ఇచ్చినది. సభ్యత్వపు చందాను జీతమునుండి మినహాయింపవలెనన్నచో కార్మికుని వ్రాతపూర్వకమైన అనుమతి కావలెనని 2019 నాటి వేతనముల స్మృతి చెప్పుచున్నది. అనగా మన సంఘము చందాకై ఒక్కొక్క కార్మికుని ఒప్పించుకొనవలెను. ఇందువలన సంఘములు బీదవగుననుట నిజమే. అయినను లెక్క చెప్పవలసిన బాధ్యత వానిని వీడదు. సంఘపు లెక్కల పుస్తకములు చూచు హక్కు సభ్యునికి 1926 నాటి చట్టముతోనే లభించినది. అనుమతి పత్రముపై సంతకము చేయు ప్రతి కార్మికుడును ఆ పుస్తకమును ఒకసారి అడిగి చూడవలెనని మా మనవి. అడుగకయే అది ముందుంచు సంఘమునకు చందా కట్టుటకు ఎవరును వెనుదీయరని మేము నమ్ముచున్నాము.